వాన నీళ్లు, పైపు నీళ్లు

తిరువూరు,
24 జూన్ 2025.

రాయప్ప మామయ్యకు,

జయకర్ రాస్తున్నది. ఇక్కడ అమ్మ, గ్లోరి, పాప షైని అందరం ప్రభువు దయవల్ల బాగున్నాం. మీ మెడ దగ్గర కుట్లు ఆరాయని మీ అమ్మాయి రూత్ మెసేజ్ పెట్టింది, మనసు కుదుటపడింది. మీకు ఫోన్లో మాట్లాడే వీల్లేదు, ఫోన్లో అక్షరాలు నొక్కడమంటే చిరాకు. అందుకని గ్లోరి తను పనిచేసే స్కూలు నుంచి తెచ్చిన కాగితాల మీద రాస్తున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు రాయడం ఇదే. తప్పులుంటే సర్దుకోండి.

సంగతి లారీ గురించి. చెట్టుకు గుద్దుకుని ముందు భాగం నుజ్జయితే, ఫిబ్రవరిలో మీరు అద్దం ఫ్రేముతో సహా కొత్తగా కట్టారు కదా. ఆ క్యాబిన్ కారుతోంది. ఈ నెల మొదటి వానకి పెనుగొలను నుంచి మొక్కజొన్న వేసుకుని వస్తుంటే క్లీనర్ వైపు కింద మ్యాటంతా తడిసింది. ఏదో కిటికీలోంచి వచ్చిందనుకున్నాను. రెండో వానకి నీళ్లు డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టెలోకి దిగాయి. విస్సన్నపేట దాటాక మలుపులో హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయాయి. గుడ్డిగా బ్రేకు వేశాను, ముందు చక్రం రోడ్డు దిగి బురదలో ఆగింది. నాకేం కాలేదు. కానీ పెళ్లాం దగ్గర దాచాల్సిన ఆ మాట గ్లోరికి చెప్పడమే తప్పయింది. కారడం ఆగేదాకా వానలో లారీ తియ్యడానికి వీల్లేదని కూర్చుంది.

విస్సన్నపేటలో లారీ బాడీలు కట్టే బసవపున్నయ్య గారికి చూపించాను. ఫ్రేము వంకర పోయింది, మొత్తం కోసి తీసి కొత్తది అతకాలన్నారు. మీ చేతి పని కాబట్టి మిమ్మల్ని అడగందే ముట్టుకోవద్దని ఆపాను. ఏం చెయ్యమంటారో రాయండి.

అమ్మ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది. గొంతు ఎప్పటికి వస్తుందో డాక్టర్ని గట్టిగా అడగమంది.

మీ మేనల్లుడు,
జయకర్.


భిలాయి,
3 జూలై.

అల్లుడు జయకర్‌కు,

నీ ఉత్తరం అందింది. రూత్ ఆసుపత్రికి డ్యూటీకి వెళ్లాక ఒక్కడినే కూర్చుని చదివాను. ఫ్రేము వంకర పోయిందన్న చోట ఆగి, టీ పెట్టుకు తాగి, మళ్లీ చదివాను. అక్షరం మారలేదు.

బసవపున్నయ్య మంచి పనివాడే. కాకపోతే ఆయనకి ఏ బండి కనిపించినా కొయ్యాలనిపిస్తుంది. ఆ ఫ్రేము నేను చేసిన ఆఖరి పని. దాని తర్వాత సుత్తి పట్టలేదు, ఇక పట్టేది కూడా లేదు. షెడ్డు యోసేపుకు అప్పగించి వచ్చేటప్పుడు కూడా నాకు బాధ లేదు, ఆ క్యాబిన్ చూసుకుని వచ్చాను గనక. దాన్ని కొయ్యాలంటే ముందు తప్పు నాదని తేలాలి.

నీళ్లు పడే చోటు వేరు, వచ్చే చోటు వేరు. రూత్ ఫోన్లో నువ్వు పంపిన వీడియో చూశాను. అందులో పడే చోటే ఉంది. వచ్చే చోటు ఇలా పట్టుకోవాలి. క్యాబిన్ లోపల అట్టలన్నీ విప్పి, అతుకుల వెంట పొడి ముగ్గుపిండి చల్లండి. నువ్వు లోపల కూర్చో. యోసేపు బయట మగ్గుతో నీళ్లు పొయ్యాలి. మొదట అద్దం కింది అంచు, తర్వాత పక్కలు, ఆఖరికి పైన. ఒక్కో చోట పోసి ఆగాలి. ముందే టాపు మీద కుమ్మరిస్తే అన్నీ తడుస్తాయి, ఏదీ తెలియదు. పిండి ఎక్కడ మొదట నల్లబడితే అదే దొంగ. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌లో ఏమైనా ఇరుక్కుని ఉందేమో కూడా వేలు పెట్టి చూడండి. చిన్న రాయి చాలు, పెదవి లేచి నీళ్లు తాగుతుంది.

ఇక్కడ రోజూ గోధుమ రొట్టెలే. మింగడం కష్టంగా ఉంటే పాలలో నానబెట్టి పెడుతున్నారు. రూత్ ఒక మిషను కొంది. టార్చిలైటంత ఉంటుంది. మెడకు ఆనించి పెదవులు కదిపితే మాట బయటికొస్తుంది. ఒకసారి పెట్టుకుని నా పేరు చెప్పాను. గ్రైండింగ్ మిషను తన పేరు రాయప్ప అని చెప్పినట్టుంది. పెట్టెలో పెట్టేశాను. శుభ శుక్రవారం గుడిలో నేను పాడితే వెనక వరసలో ఉన్న అక్క ఏడ్చేది, ఆవిడకి ఈ చప్పుడు వినిపించలేను. గొంతుపెట్టె మొత్తం తీసేశారని అక్కకు చెప్పకు. కొన్నాళ్లు మాట్లాడకూడదన్నారని రూత్ చెప్పింది కదా, అలాగే ఉండనీ.

రాయప్ప.


తిరువూరు,
19 జూలై.

మామయ్యకు,

మీరు చెప్పినట్టే చేశాం. యోసేపు మగ్గుతో పోశాడు, నేను లోపల కూర్చున్నాను. కింద పోశాడు, పక్కల పోశాడు, పైన పోశాడు. ముగ్గుపిండి చల్లింది చల్లినట్టే ఉంది. ఒక్క చుక్క దిగలేదు. యోసేపు సంబరపడి, మా గురువు పని కారుతుందా అని నన్నే తిట్టాడు. ఆ సాయంత్రమే వాన పడింది. పిండి ముద్దయిపోయింది. ఎటు నుంచి దిగిందో తెలియకుండా క్లీనర్ వైపంతా తడిసిపోయింది.

మగ్గుతో పోస్తే కారదు, వాన పడితే కారుతుంది. నాకు బుర్ర పనిచెయ్యలేదు. బీడింగ్‌లో ఏమీ లేదు, చుట్టూ చూశాను. చివరికి టాపు అంచున నీళ్లు జారే గాడి ఉంది కదా, దానివల్లేనేమోనని సిలికాన్ ట్యూబులు తెచ్చి ఆ గాడి పొడుగునా నింపాను. ఆ తర్వాతి వానకి ఇంకా ఎక్కువ కారింది.

బసవపున్నయ్య గారిని మళ్లీ పిలిచాను. అద్దం మీద ఎండ పడకుండా ఉన్న రేకు కిందికి తొంగి చూసి, నేను ముందే చెప్పాను గదండీ అన్నారు.

గంపలగూడెంలో పత్తి గింజల లోడు వచ్చింది. మబ్బు చూసి గ్లోరి తాళం దాచేసింది. ఆ లోడు వేరేవాళ్లు తీసుకెళ్లారు. గ్లోరిని తప్పు పట్టలేను. నిజం చెప్పాలంటే మబ్బు పడితే నాక్కూడా ఆ మలుపు వైపు బండి తియ్యబుద్ధి కావడం లేదు. మీ పని మంచిదే అయి ఉండొచ్చు, కానీ మామయ్యా, కారుతున్నది మాత్రం మీరు కట్టిన క్యాబినే.

అమ్మ బాగుంది. మీ పేరున రోజూ జపమాల చెబుతోంది.

జయకర్.


భిలాయి,
30 జూలై.

జయకర్‌కు,

గాడిలో సిలికాన్ నింపమని నిన్ను ఎవరు అడిగారు? ఆ గాడి ఉన్నదే టాపు మీది నీళ్లను పక్కలకు పంపడానికి. చివర్ల సందులుంటాయి, అక్కడి నుంచి కిందికి పోతాయి. నువ్వు వాటిని మూసేశావు, నీళ్లన్నీ నేరుగా అద్దం మీదికి దిగుతున్నాయి. ఎక్కువ కారక ఏమవుతుంది? ఇంటి తూము మూసి, గదిలోకి నీళ్లొచ్చాయని మేస్త్రీని తిట్టినట్టుంది. అదంతా బ్లేడుతో గీసి తీసెయ్.

ఇంకో మాట. మార్చిలో నేను రైలెక్కడానికి ముందు రోజు ఈదురుగాలితో వాన పడింది, గుర్తుందా? లారీ షెడ్డు బయటే ఉంది. తెల్లారి నేనే తలుపు తీసి చూశాను, లోపల పొడిగా ఉంది. అంటే నేను వచ్చేనాటికి కారడం లేదు. జూన్‌లో కారింది. ఈ మధ్యలో ఆ అద్దం దగ్గర ఎవరో చెయ్యి పెట్టారు. ఎవరు పెట్టారు, ఏం చేశారు అని అడుగుతున్నాను. మరమ్మతు చేయించావా? దీపాల తోరణం కట్టావా? రంగు కాగితాలు అంటించావా? బీడింగ్ మరోసారి చూడు. మళ్లీ మగ్గుతో పొయ్యి. యోసేపు పొయ్యాల్సిన చోట పొయ్యకుండా నాకు మంచి పేరు తేవాలని చూస్తున్నాడేమో, కనిపెట్టు.

ఇంత చెప్పినా నా మాట మీద నమ్మకం లేకపోతే కోయించుకో. బండి నీది.

పక్కింటాయన రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చుని హిందీలో గంట మాట్లాడి వెళతాడు. నేను జవాబు చెప్పలేనని ఆయనకి హాయిగా ఉన్నట్టుంది.

రాయప్ప.


తిరువూరు,
17 ఆగస్టు.

మామయ్యకు,

సిలికాన్ గీసేశాను. మళ్లీ పరీక్ష చేశాం. ఈసారి యోసేపు మీద అనుమానం లేకుండా నేనే నీళ్లు పోశాను, వాడిని లోపల కూర్చోబెట్టాను. మీ మాట విని వాడు చిన్నబుచ్చుకున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది. మొన్న మరియమ్మ పండుగ నాడు గుళ్లో కనిపించి కూడా సరిగ్గా పలకరించలేదు.

ఫలితం మాత్రం అదే. కింద, పక్కల, పైన అన్నిచోట్లా పోశాను. అమ్మ మట్టల ఆదివారం నాడు పెట్టిన ఈతాకు శిలువ మీద పైపు నీళ్లు పడకూడదంది కాబట్టి పైమూలకు మాత్రం ఎప్పట్లాగే పాలిథిన్ కవరు కట్టాం. మిగతా అద్దం అంతా తడిపాను. చుక్క దిగలేదు. మర్నాడు వానకి షరా మామూలే.

మీరు రాసినట్టు ఆ అద్దం దగ్గర ఎవరూ చెయ్యి పెట్టలేదు. తోరణాలు, కాగితాలు ఏమీ లేవు. బీడింగ్‌లో ఏమీ లేదని రెండోసారి చెబుతున్నాను.

మీరు కోయించుకోమన్నారు. చాలా ఆలోచించి సరే అనుకున్నాను. వినాయక చవితి అయిపోగానే లారీ తోలుకు రమ్మని బసవపున్నయ్య గారు అన్నారు. మీరు మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నారని అనుకుంటున్నాను. విప్పిన ఫ్రేము పారెయ్యను, మన షెడ్డులోనే పెట్టిస్తాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

జయకర్.


భిలాయి,
25 ఆగస్టు.

జయకర్‌కు,

ఈ ఉత్తరం కంటే ముందు రూత్ చేత మెసేజ్ పెట్టించాను. కొయ్యొద్దు. కోపంలో రాసిన ముక్కని ఒప్పుకోలు అనుకున్నావు. నేను ఒప్పుకోలేదు, ఒళ్లు మండి రాశాను.

ఈతాకు శిలువ ఎక్కడ పెట్టింది అక్క? పైమూల అంటున్నావు. అద్దం పైన క్లీనర్ వైపు మూలేనా? ఎండ రేకు కింద, బీడింగ్‌లో గుచ్చిందా? అయితే ఇక వెతకొద్దు, అదే చోటు. రబ్బరులో ఏమైనా ఉందా అని రెండు ఉత్తరాల్లో అడిగాను. ఏమీ లేదని రెండుసార్లు రాశావు. నువ్వు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. గుళ్లో స్వాములవారు దీవించి ఇచ్చిన మట్ట మన కళ్లకి మట్టలా కనిపించదు. నేను అక్కడుండి చూసినా దాన్ని లెక్కలోకి తీసుకునేవాడిని కానేమో. నేను కట్టిన బండ్లన్నింటిలో ఎక్కడో ఒకచోట అది ఉండేది. కాకపోతే అద్దానికి లోపల, తీగకు కట్టి ఉండేది.

కారే చోటును కవరుతో కప్పి, కారని చోట్లన్నీ తడిపి చూశారు. వాన పడేటప్పుడు కవరు ఉండదు. ఇదీ మనం మూడు నెలలు పడ్డ తిప్పలు.

ఈతాకు మధ్యలో గట్టి ఈనె ఉంటుంది. అది రబ్బరుకీ రేకుకీ మధ్య దూరి ఉంటుంది. నీళ్లు దాని వెంట లోపలికి వచ్చి, అట్ట వెనక నుంచి జారి, ఫ్యూజుల దగ్గర పడుతున్నాయి. మెల్లగా లాగి తీసెయ్యి. చెక్క చెంచా కాడతో రబ్బరు పెదవి లోపలికి సర్ది, కవరు లేకుండా పోసి చూడు. యోసేపుకు నా తరఫున క్షమాపణ చెప్పు. వాడు సరిగ్గానే పోశాడు.

ఈ రోజు రొట్టె తిన్నాను, నానబెట్టకుండా.

రాయప్ప.


తిరువూరు,
4 సెప్టెంబరు.

మామయ్యకు,

మీరు చెప్పింది నిజం. మొన్నటి వానలో గొడుగు వేసుకుని ఎండ రేకు కిందికి చూశాను. ఈనె వెంట నీళ్లు సన్నగా లోపలికి పోతున్నాయి. యోసేపు కూడా చూశాడు. మీ క్షమాపణ చెబితే తల పక్కకు తిప్పుకున్నాడు, కానీ ముఖం వెలిగింది. బసవపున్నయ్య గారికి ఫోన్ చేస్తే, ఆయన మొదటి రోజే అది చూశారట. మీ దేవుడిదని ముట్టుకోలేదండీ అన్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. తీద్దామని చెయ్యి పెట్టబోతే అమ్మ వచ్చి బంపరు ముందు నిలబడింది.

మీ ఆపరేషన్ అయింది ఏప్రిల్‌లో, మట్టల ఆదివారం వారంలోనే కదా. ఆ రోజు గుడి నుంచి తెచ్చిన మట్టతో శిలువ అల్లి, ఇంట్లో పెట్టకుండా లారీ దగ్గరికి తీసుకెళ్లిందట. తమ్ముడు ఆఖరిసారి సుత్తి వేసిన మూల అదే అని యోసేపును అడిగి తెలుసుకుని, స్క్రూడ్రైవరుతో సందు చేసి గుచ్చిందట. వాన పడినా గాలి వీచినా ఊడకూడదని లోపలిదాకా తోసిందట. మీ గొంతు మళ్లీ వినేదాకా అది తియ్యనని మొక్కుకుంది. ఇవన్నీ మొన్నే చెప్పింది. మరి వాన నీళ్లు పడితే ఫర్వాలేదా అని అడిగాను. "వాన దేవుడు పంపేది. పైపు నీళ్లు పంచాయతీవి" అంది.

నీళ్లు కారేది దానివల్లేనని ఎంత చెప్పినా వినలేదు. "వాడి గొంతు ఫోన్లో వినిపించు, నేనే తీస్తాను" అంటుంది. ఆ మూల వదిలేసి మిగతా ఫ్రేము కోసుకోమంది. గ్లోరి అసలు సంగతి చెప్పేద్దామంటుంది. రెండుసార్లు చెప్పబోయి, వేరే మాట మాట్లాడి వచ్చేశాను. ముందుంది తుపాన్ల కాలం. లారీ ఇంటి ముందు నిలబడి ఉంది. అమ్మకి తెలియకుండా తీసెయ్యమంటే తీసేస్తాను. లేకపోతే మీరు కట్టింది కోయించి, ఆ మూల ముక్క అలాగే ఉంచి కొత్తది అతికిస్తారేమో అడుగుతాను. మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

జయకర్.


భిలాయి,
13 సెప్టెంబరు.

జయకర్‌కు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నాకు ఇప్పుడు ఏడిస్తే శబ్దం రాదు, అందుకని రూత్ వంటింట్లోంచి రాలేదు. అదీ ఒక సుఖమే.

మూడు నెలలుగా నా పనిని ఎవరు పాడుచేశారా అని ఒక్కొక్కరినీ అనుమానించాను. నిన్ను, యోసేపును, బసవపున్నయ్యను తిట్టుకున్నాను. చేసింది అక్క. చేసింది నా కోసం. ఇక ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీల్లేకుండా పోయింది.

అక్కకి తెలియకుండా తియ్యొద్దు. మొక్కు ఆవిడది. ఆ మూల వదిలేసి కొయ్యడం కూడా వద్దు, అలా అతికినవాడిని నేను ఇన్నేళ్లలో చూడలేదు.

ఇరవై ఒకటో తేదీ ఆదివారం పూజ అయి ఇంటికొచ్చాక ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టు. ముందుగా ఏమీ చెప్పకు. మిషను పెట్టెలోంచి తీశాను. రూత్ డ్యూటీకి వెళ్లాక తలుపులు వేసుకుని మాట్లాడి చూసుకుంటున్నాను. నాకు భయంగా ఉంది. అక్క భయపడి ఫోన్ పెట్టేస్తే ఆవిడని ఏమీ అనొద్దు.

రాయప్ప.


తిరువూరు,
3 అక్టోబరు.

మామయ్యకు,

ఫోన్లో మీకు ఇటువైపు జరిగింది కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను.

ఫోన్ చెవి దగ్గర పెట్టగానే అమ్మ ముఖం చిట్లించింది. నా వైపు తిరిగి, వాడు మళ్లీ షెడ్డులో పనికి వెళుతున్నాడా, పక్కన మిషను తిరుగుతోంది అంది. తర్వాత మీరు జోజక్కా అన్నారు. అలా పిలిచేది మీరొక్కరే కదా. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. గొంతుపెట్టె తీసేశారని, ఇక ఉన్నది ఇదేనని, మట్ట తీసెయ్యమని మీరు చెబుతున్నంతసేపూ కదల్లేదు. మళ్లీ అనమని మిమ్మల్ని అడిగింది గుర్తుందా? మీరు అనుకున్నట్టు అర్థం కాక కాదు. ఫోన్ గ్లోరి చేతికిచ్చాక నాతో చెప్పింది, "రెండోసారి విన్నప్పుడు మా తమ్ముడే" అని.

మేమంతా ఏప్రిల్ నుంచి దాచామని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మీ మీద మాత్రం కోపం రాలేదు.

ఆ మధ్యాహ్నమే లారీ దగ్గరికి వెళ్లింది. స్టూలు వేస్తానంటే వినకుండా బంపరు ఎక్కి, తనే లాగి తీసింది. ఈనె నా అరచేయంత పొడుగుంది. నల్లగా నానిపోయి ఉంది. మొక్కు తీరిందా అని గ్లోరి అడిగింది. "వాడి గొంతు వినిపించమని అడిగాను. ఏ గొంతని అడగలేదు కదా" అంది. మట్టని పటం దగ్గర ఎండబెట్టింది. విభూది బుధవారానికి గుడికి ఇస్తుందట, బూడిద చెయ్యడానికి.

యోసేపు చెక్క చెంచాతో రబ్బరు సర్దాడు. కవరు లేకుండా మగ్గుతో పోశాం. ఆ తర్వాత నాలుగు రోజులు ముసురు పట్టింది. ఫ్యూజుల పెట్టె కింద పాత పేపరు పరిచి, లారీ వానలోనే వదిలేశాను. నిన్న తీసి చూశాను. ఫ్రేము కొయ్యక్కర్లేదని బసవపున్నయ్య గారికి చెప్పేశాను. ఈ రోజు గంపలగూడెం లోడుకు వెళుతున్నాను. మబ్బు ఉంది. తాళం గ్లోరే తెచ్చి ఇచ్చింది.

అమ్మ ఇక ఉత్తరాలు వద్దంటోంది, ప్రతి ఆదివారం పూజ అయ్యాక ఫోన్ చెయ్యమంటోంది. ఆ మిషను పెట్టుకునే చెయ్యాలట.

పేపరు మడిచి ఇందులో పెట్టాను. రెండు వైపులా చూసుకోండి, ఎక్కడా మరక లేదు.

జయకర్.